నువుజుయాక్ అత్తగారు

నువుజుయాక్,
ఏప్రిల్ 1988

శ్రీమతి డరియా ఖోమ్యాక్ గారికి,

నమస్కారం. నేనెవరో మీకు తెలియదు. నా పేరు రోడా. మీకు చాలా ఉత్తరాన, మంచు సీమలో ఉన్న మా ఊరి రన్‌వే పక్కన రేడియో గదిలో పనిచేస్తాను. విమానం దిగే ముందు గాలి ఎటునుంచి వీస్తోందో, మబ్బు ఎంత కిందికి వచ్చిందో పైలట్‌కు చెప్పడం నా పని. మీ వారితో కొన్నేళ్ళపాటు అలా మాట్లాడాను. ఎదురుగా నిలబడి మాట్లాడినదానికంటే రేడియోలో మాట్లాడిందే ఎక్కువ.

ఫిబ్రవరిలో ఆయన బదులు ఎవరో కొత్త కుర్రాడు విమానం దింపాడు. "ఒరెస్ట్ ఏడీ?" అని అడిగితే టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మీ ఇంట్లోనే, నిద్రలోనే పోయారని చెప్పాడు. సరుకులు దింపుకోవడానికి వచ్చినవాళ్ళందరూ అలాగే నిలబడిపోయారు. గుడ్ల పెట్టెలు చలికి గడ్డకట్టిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు.

అప్పటికి నాకు నెలలు నిండాయి. ఆ వారంలోనే మగపిల్లవాడు పుట్టాడు. దానికి ముందే మా అమ్మమ్మ సౌమిక్‌కు కలలో మీ వారు కనిపించారట. గుమ్మంలో నిలబడి, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ, "కూర్చోడానికి చోటుందా?" అన్నారట. "చోటుకేం, లోపలికి రా" అందట అమ్మమ్మ. అందుకని పిల్లవాడికి ఆయన పేరే పెట్టాం. మా నోటికి ఒరెస్ట్ అని తిరగదు. ఊరిసీ అంటాం.

ఇంటివాళ్ళకు తెలియజేయడం మర్యాద కనుక రాస్తున్నాను. మీ వారు క్షేమంగా ఉన్నారు. పాలు బాగా తాగుతున్నారు. తల మీద ఒక్క వెంట్రుక లేదు, అది మీకు కొత్తేమీ కాదనుకుంటాను. విమానం చప్పుడు వినబడితే ఏడుపు ఆపి వింటారు.

ఈ వరసన నేను మీకు అత్తగారిని అవుతాను. నాకు ఇరవై మూడేళ్ళు. మన్నించండి.

ఇట్లు,
రోడా ఉలాయుక్


డాఫిన్, మానిటోబా,
మే 1988

రోడా గారికి,

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి మా చెల్లెలు స్టెఫా చదివింది. స్టెఫా ఏమందో ఇక్కడ రాయను.

సూటిగా అడుగుతాను, మీరూ సూటిగానే చెప్పండి. మీ ఊళ్ళో మా ఆయన ఎక్కడ పడుకునేవారు? మీకు పెళ్ళయిందా? ఆ పిల్లవాడు ఆయన బిడ్డేనా?

నెలలో సగం రోజులు ఆయన అక్కడ, సగం రోజులు ఇంట్లో. ఎప్పుడూ అనుమానపడలేదు నేను. "అక్కడ ఏముంటుందండీ?" అని అడిగితే "మంచు" అనేవారు. "ఇంకా?" అంటే "గాలి" అనేవారు. ఆ మంచూ ఆ గాలీ తప్ప ఇంకేమీ లేని చోట ఆయన పేరుతో పిల్లలెలా పుట్టుకొచ్చారో నాకు అర్థం కావడం లేదు. మాకు పిల్లలు లేరు. ఈ సంగతి మీకు తెలుసో, తెలిసే రాశారో.

పోయిన మనిషిని గురించి "పాలు బాగా తాగుతున్నారు" అని రాయడం మీకు వేడుకేమో. ఇక్కడ ఆయన కోటు ఇంకా మేకునే వేలాడుతోంది.

డరియా ఖోమ్యాక్


నువుజుయాక్,
జూన్ 1988

డరియా గారికి,

మీ ఉత్తరం అమ్మమ్మకు చదివి వినిపించాను. "ఆయన బిడ్డేనా" అన్న చోటికి వచ్చేసరికి అమ్మమ్మ నవ్వి నవ్వి కట్టుడు పళ్ళు టీ కప్పులో పడేసుకుంది. "బిడ్డేమిటే! ఆయనేగా! ఈ పిల్ల ఇంత తికమక మనిషేమిటి?" అంది. పిల్ల అంటే మీరు.

నేను నవ్వలేదు. నేనే సరిగ్గా రాయలేదని అర్థమైంది. మీ ఉత్తరంలో చివరి మాట చదవగానే ఈ కాగితం తీసుకున్నాను.

మీరడిగినవాటికి జవాబు. నా భర్త పేరు జోసెఫీ. రన్‌వే మీద మంచు తోసే బండి నడుపుతాడు. పిల్లవాడికి అతని చెవులే వచ్చాయి. అవి చూసినవాళ్ళెవరికీ తండ్రి ఎవరన్న అనుమానం రాదు. మీ ఉత్తరం సంగతి చెప్పినప్పటినుంచీ జోసెఫీ నన్ను "ఏవమ్మా పైలట్ గారి భార్యా, టీ ఉందా?" అని పిలుస్తున్నాడు. "మంచు తోసింది నేను, దిగింది ఆయనా?" అని అమ్మమ్మ వింటుండగానే అన్నాడు. అమ్మమ్మ చీపురు విసిరింది.

పొగమంచు పట్టి విమానం లేవని రోజుల్లో మీ వారు పడుకున్నది బడి గదిలో. మెలకువగా ఉన్నంతసేపూ మా అమ్మమ్మ ఇంట్లో నేల మీద కూర్చుని, గడ్డకట్టిన పచ్చి చేపను కత్తితో చెక్కుకుని తింటూ పేకాడేవారు. దొంగాట ఆడేవారు. పట్టుబడితే ఏదో పాట ఎత్తుకుని మాట మార్చేసేవారు.

మా దగ్గర పేరు పెట్టడమంటే, పిలవడానికి ఒక మాట వెతుక్కోవడం కాదు. పేరుతో పాటు మనిషీ వస్తాడు. ఇనూకీ అని ఒక ముసలి వేటగాడు మీ వారిని తమ్ముడూ అని పిలిచేవాడు. ఇప్పుడు ఉయ్యాల దగ్గరికి వచ్చి "ఏరా తమ్ముడూ, పడుకున్నావా?" అంటాడు. వేటనుంచి వస్తే మంచి ముక్క ముందు మా ఇంటికే తెస్తాడు. పిల్లవాడికి ఇంకా పళ్ళు లేవు కాబట్టి ఆ ముక్క నేను తింటున్నాను. ఇంతకంటే దీంట్లో వేడుకేమీ లేదు.

మీ మనసు కష్టపెట్టాను. ఇక రాయను.

రోడా


డాఫిన్,
జూలై 1988

రోడాకు,

ఇక రాయనన్నావు. రాయి. నిన్ను నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. అత్తగారినైనా సరే, ఇరవై మూడేళ్ళ పిల్లను మీరు అనడం నావల్ల కాలేదు. ముందు రాసిన ఉత్తరానికి సిగ్గుపడుతున్నాను. స్టెఫా మాత్రం ఇప్పటికీ చెవుల సంగతి నమ్మడం లేదు.

చేప అన్నావు. మా ఇంట్లో చేప వండిన రోజున ఆయన వాసన పడదని కంచం పట్టుకెళ్ళి మెట్ల మీద కూర్చునేవారు. పాట అన్నావు. మా పెళ్ళి విందులో ఊరంతా పాడుతుంటే పెదవి కదపని మనిషి! ఇక పేకాట. స్టెఫా పేక ముక్కలు తీస్తే "చదువుకోవాలి" అంటూ పేపరు పట్టుకుని లేచిపోయేవారు. నువ్వు చెప్పే ఒరెస్ట్ వేరే ఎవరోనేమో అని కూడా అనుకున్నాను. అందుకే ఫోటో పెడుతున్నాను. ఈయనేనా? అమ్మమ్మకు కూడా చూపించు.

ఆయనేనని తెలుస్తూనే ఉంది, అయినా అడుగుతున్నాను. పక్కింటివాళ్ళను గురించి అడిగినట్టు నా మొగుడి గురించి నిన్ను అడుగుతున్నాను. టీలో పంచదార వేసుకునేవారా? ఏ పాట? నేల మీద కూర్చుంటే మోకాళ్ళు నొప్పి అనేవారు కాదా? ఎవరినైనా కసురుకునేవారా?

ఇంకొకటి. ఇది అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, పక్కదోవలన్నీ తిరిగి ఇక్కడికొచ్చాను. పైలట్ భార్యను, ఇంతవరకూ విమానం ఎక్కలేదు. మీ ఊరికి నన్ను ఆయన ఒక్కసారి కూడా రమ్మనలేదు. నేనూ అడగలేదు. రమ్మననిదే నేనెందుకు అడగాలి అనుకున్నాను. ఎందుకు రమ్మనలేదో అక్కడ ఎవరితోనైనా అన్నారా? కనుక్కుని రాస్తావా?

డరియా

పిల్లవాడికి చలి తగలకుండా చూస్తున్నావు కదా? పిచ్చి ప్రశ్న, తెలుసు.


నువుజుయాక్,
సెప్టెంబర్ 1988

డరియా గారికి,

మీరు నన్ను నువ్వనండి. నేను మాత్రం మీరనే అంటాను. నాకు అత్తరికం చేయడం రాదు.

ఫోటో ఊరంతా తిరిగింది. అమ్మమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "వీడే. కాకపోతే ఎవరో ఇస్త్రీ చేశారు" అంది.

పంచదార నాలుగు చెంచాలు. కప్పులో సగం పంచదారే. పాట ఏమిటో మాకు తెలియదు, మీ భాష. ఏదో గుర్రం గురించి అని ఒకసారి చెప్పారు. మోకాళ్ళు నొప్పి అనేవారు, లేచేటప్పుడు ఎవరిదో ఒకరి తల పట్టుకుని లేచేవారు. కసురుకునేది పెట్టెలు తలకిందులుగా ఎక్కించినవాళ్ళను మాత్రమే.

మీరు అసలు అడగదలచిన ప్రశ్న కోసం అందరినీ అడిగాను. ఇనూకీ ఆశ్చర్యపోయాడు. "రమ్మనకపోవడమేమిటి? 'వచ్చే వేసవికి మా ఆవిణ్ణి తీసుకొస్తా' అని ఏటా అనేవాడే! ఆవిడకే రావడం ఇష్టం లేదనుకున్నాం మేం" అన్నాడు. కొట్టు చూసుకునే ఎల్కానా, "ఆవిడకి చలి పడదు కాబోలు, దక్షిణాదివాళ్ళు పలచటి మనుషులు" అన్నాడు. జోసెఫీ అయితే, "పెళ్ళాం పక్కన కూర్చుంటే దొంగాట సాగుతుందా?" అన్నాడు.

అమ్మమ్మ చెప్పింది వేరు. ఒక ఏడాది నిజంగానే వస్తారనుకుని మీ కోసం సీలు చర్మంతో బూట్లు కుట్టిందట. పాదం ఎంతుంటుందని అడిగితే మీ వారు రెండు చేతులూ చాపి చూపించారట. "అంత పాదం మనిషికుండదు, ఎలుగుబంటికుంటుంది" అని తనకు తోచిన కొలతతో కుట్టింది. ఆ వేసవి మీరు రాలేదు. ఆ బూట్లు మా పిన్ని వేసుకుని అరగదీసేసింది.

ఇంకో మాట ఉంది. ఆయన రేడియోలో నాతో అన్న మాట. అప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. అది చెప్పవచ్చో లేదో తెలియడం లేదు. ఏం చేయమంటావని అమ్మమ్మను అడిగితే, "వాడికి మాటలొచ్చాక వాణ్ణే అడుగు, చెప్పమంటే చెప్పు" అంది.

వాడికి ప్రస్తుతానికి పళ్ళు మాత్రం వచ్చాయి. నన్ను కరుస్తున్నాడు.

రోడా


డాఫిన్,
అక్టోబర్ 1988

అత్తగారికి,

అత్తగారన్నాక ఇక నువ్వు అనలేను. ఇలా మొదలుపెట్టడం చూసి స్టెఫా నాతో మాట్లాడటం మానేసింది. కాస్త ప్రశాంతంగా ఉంది.

మా అసలు అత్తగారు పంచదార డబ్బా దాచేది. వెన్న దాచేది. మాటలు మాత్రం ఏనాడూ దాచలేదు, మొహం మీదే అనేసేది. మీరు ఆవిణ్ణి మించిపోయారు.

వాడికి మాటలొచ్చేదాకా ఆగమంటారా? నాకు అరవై దాటాయి. ఏటా వస్తానని మీ అందరికీ చెప్పి, ఇక్కడ నాతో మాట మాత్రం అనలేదంటే ఏమనుకోను నేను? నా పక్కన నిలబడటానికి నామోషీ పడ్డారా? మీ అమ్మమ్మ ఇంట్లో నేల మీద కూర్చునే ఆ మనిషిని నేను చూడటం ఇష్టం లేకపోయిందా? ఎంత చెడ్డ మాటైనా సరే, చెప్పండి. నేను ఇంతకంటే చెడ్డవే ఊహించుకుంటున్నాను.

డరియా


నువుజుయాక్,
జనవరి 1989

డరియా గారికి,

వాతావరణం బాగాలేక చాలా వారాలు విమానం రాలేదు. మీ ఉత్తరం విమానాలు మారే రాంకిన్‌లో టపా సంచిలో ఉండిపోయింది. ఇన్నాళ్ళూ నేను కావాలని దాస్తున్నాననుకుని ఉంటారు.

మా రన్‌వేకి ఒక చివర కొండ, ఇంకో చివర సముద్రం. గాలి కొండ మీదినుంచి జారి వచ్చి విమానాన్ని రెక్క కింద తంతుంది. ఒక్కోసారి తన్నదు. ఎప్పుడు తంతుందో కొండకే తెలియాలి. మీ వారు దింపుతుంటే చూసి, "ఆయనకి భయమంటే ఏమిటో తెలీదు" అనేవాళ్ళు ఊళ్ళో. బాగా తెలుసునని నాకు తెలుసు.

కొండ మలుపు తిరగబోయే ముందు ప్రతిసారీ "రోడా, మాట్లాడు" అనేవారు. గాలి వేగం చెప్పేదాన్ని. "అది విన్నాను. ఇంకేదైనా మాట్లాడు" అనేవారు. నాకు తోచింది చెప్పేదాన్ని. అమ్మమ్మ రొట్టె మాడ్చింది. ఇనూకీ కుక్క ఈనింది. ఎల్కానాకి బింగో ఆటలో కిటికీ తెర బహుమతిగా వచ్చింది, వాళ్ళింట్లో ఆ గదికి కిటికీ లేదు. చక్రాలు నేలకు తగిలేదాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేదాన్ని. నేను ఆగితే "ఆఁ, తర్వాత?" అనేవారు. ఆ గొంతు మీరు వినలేదు. చిన్నపిల్లవాడి గొంతులా ఉండేది.

ఒకసారి, ఇంకా దూరంలో ఉండగానే అడిగాను. "ఏటా మీ ఆవిణ్ణి తీసుకొస్తానంటారు, తీసుకురారేం?" అని. ఆయన ఇలా అన్నారు: "ఇక్కడ వెనక కూర్చునేవాళ్ళంతా ప్రయాణికులు రోడా. జాగ్రత్తగా దింపాలి, దింపుతాను. ఆవిడ కూర్చుంటే నా చేతులు వణుకుతాయి. ఆ కొండ దగ్గర చెయ్యి వణికితే..." అని ఆపేశారు. నేను ఏదో అనబోయాను. "గాలి చెప్పు" అన్నారు.

అంతే. ఇదే ఆ మాట. పైలట్‌కే భయమని తెలిస్తే ఊళ్ళో ఎవరూ విమానం ఎక్కరని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అమ్మమ్మకు కూడా చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడకు తెలిసే ఉంటుందని నా అనుమానం.

ఇప్పుడు విమానం నడిపేది ఆయన కాదు కదా. ఈ వేసవికి మీరు రండి. ఆయన నడవడమే ఇంకా నేర్చుకోలేదు, సోఫా పట్టుకుని నిలబడుతున్నారు.

రోడా


రాంకిన్ ఇన్‌లెట్,
జూలై 1989

అత్తగారికి,

నేను రాలేను. దక్షిణాదికి వెళ్ళే విమానంలో తిరిగి వెళ్ళిపోతున్నాను. ఈ ఉత్తరం మీకు అందేసరికి మా ఇంట్లో ఉంటాను.

నిన్న ఏం జరిగిందో మీరు నేల మీదినుంచి చూశారు. పైనుంచి ఎలా ఉందో చెబుతాను.

పైలట్ కుర్రాడికి సరిగ్గా వెనక సీట్లో కూర్చోబెట్టారు నన్ను. పక్కన ఒక ముసలావిడ, ఎక్కగానే నిద్రపోయింది. మా వెనకంతా నారింజపళ్ళ పెట్టెలు, పిల్లల గుడ్డలు, ఏదో మోటారు. కింద నీళ్ళ మీద మంచు పలకలు తేలుతున్నాయి. భయం వేయలేదు. ఇంత అందంగా ఉంటే ఒక్కసారైనా చెప్పలేదేమిటా అని కోపం కూడా వచ్చింది.

తర్వాత కొండ కనబడింది. దాని కింద మీ ఇళ్ళు, ఎరుపూ నీలమూ. రన్‌వే పక్కన జనం నిలబడి ఉన్నారు. ఒకావిడ వీపు మీద కోటుకే కుట్టిన సంచిలోంచి చిన్న తల. అదే అయి ఉంటుందనుకున్నాను. అప్పుడే పైలట్ ముందున్న స్పీకర్‌లోంచి మీ గొంతు వచ్చింది. మొదటిసారి విన్నాను. నేననుకున్నదానికంటే లోతుగా ఉంది. గాలి సంగతి చెప్పారు. చెప్పి ఆపలేదు. "పొద్దున్నుంచీ అమ్మమ్మ రొట్టెలు కాలుస్తోంది, ఇల్లంతా పొగ. జోసెఫీ చొక్కా మార్చుకున్నాడు, మా పెళ్ళికి కూడా మార్చుకోలేదు" అన్నారు. పైలట్ కుర్రాడు "ఈవిడకివాళ ఏమైందండీ?" అన్నాడు. ఆ మాటలు ఎవరి కోసమో నాకు తెలుసు. ఏడుపొచ్చింది.

అప్పుడు తన్నింది గాలి. రెక్క వాలిపోయింది. కిటికీలో ఆకాశం ఉండాల్సిన చోట కొండ ఉంది. రాళ్ళు కనిపించాయి, రాళ్ళకంటిన నాచు కనిపించింది. ఇంజను గట్టిగా అరిచింది, నేను అంతకంటే గట్టిగా అరిచాను. ఒరెస్ట్ అని అరిచాను. మళ్ళీ తెలివి తెచ్చుకునేసరికి మబ్బులో ఉన్నాం. కుర్రాడు వెనక్కి తిరిగి "గాలి తిరిగిందమ్మా, ఇవాళ కుదరదు" అన్నాడు. అతని మెడంతా చెమట. పక్కావిడ కళ్ళు తెరిచి, నా చేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ళ పెట్టి, మళ్ళీ పడుకుంది.

ఆయన ఇంటికి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, "ఏముంది, మంచూ గాలీ" అనేవారు. ఆ గాలి ఇదని నిన్న తెలిసింది. నేను పొయ్యి దగ్గరినుంచి అటు తిరిగి కూడా చూసేదాన్ని కాదు.

నాకు మీ ఊరి విమానం మళ్ళీ ఎక్కే ధైర్యం లేదు. అమ్మమ్మ రొట్టెలు వృథా అయ్యాయని చెప్పకండి, మీరే తినేయండి. వాడిని దూరం నుంచైనా చూశాను. చెవులు కూడా చూశాను.

డరియా


నువుజుయాక్,
సెప్టెంబర్ 1989

డరియా గారికి,

మీరు రాలేనని రాసిన ఉత్తరం ఇవాళ అందింది. మీరు వచ్చి, వారానికి పైగా ఉండి, వెళ్ళి, చాలా రోజులయ్యాక! మీరు దిగిన విమానంలోనే అదీ దిగిందట. టపా సంచి విప్పాల్సిన ఎల్కానా చేపలకు పోయాడు. వచ్చాక ఆ సంచి మీద పిండి బస్తాలు వేశాడు.

అమ్మమ్మకు చదివి వినిపిస్తే "అయ్యో పాపం, రాలేకపోయిందా" అంది. "వచ్చి వెళ్ళిందిగా అమ్మమ్మా, నీ పక్కనే పడుకుందిగా!" అన్నాను. "ఆవిడ వచ్చిందిలే. ఇది రాసినావిడ రాలేదుగా" అంది.

మీకు ఒకటి చెప్పాలి. మీరు ఉన్నన్నాళ్ళూ మీకూ అమ్మమ్మకూ మధ్య మాటలు చేరవేసింది నేనే. కొన్ని సరిగ్గా చేరవేయలేదు.

మీరు విమానం దిగి దగ్గరికి రాగానే ఊరిసీ మొహం అమ్మమ్మ కోటులో దాచుకున్నాడు. అమ్మమ్మ ఏదో అంది. కొత్తవాళ్ళంటే బిడియం అంటోందని మీకు చెప్పాను. ఆవిడ అన్నది అది కాదు. "పెళ్ళాంతో చెప్పకుండా పోయాడుగా, ఏ మొహం పెట్టుకుని చూస్తాడు?" అంది. జనం నవ్వింది అందుకు. మీరనుకున్నట్టు మీ టోపీని చూసి కాదు. టోపీని చూసి తర్వాత నవ్వారు.

ఇంకోరోజు టీ తాగుతూ, "నిజంగా వీడు ఆయనేనా? ఎలా తెలుసు?" అని అమ్మమ్మను అడగమన్నారు. అడిగాను. "తప్పకుండా ఆయనే, అనుమానమే లేదు" అందని చెప్పాను. నిజానికి ఆవిడ, "నాకేం తెలుసు? పేరు పెట్టాం. మిగతాది ఆవిడా వీడూ చూసుకోవాలి" అంది. అప్పుడు మీ మొహం చూస్తూ ఆ మాట చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పవచ్చనిపించింది.

ఆదివారం సంగతి. మా వంటగదిలో నేల మీద వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని మీ భాషలో మొదలుపెట్టారు. ముందు మెల్లగా, ముద్దు చేస్తున్నారనుకున్నాం. తర్వాత గొంతు పెరిగింది. వేలు చూపించారు. అమ్మమ్మ రేడియో కట్టేసింది. ఇనూకీ తలుపు తీసి, చూసి, "తమ్ముడికి తిట్లు పడుతున్నాయి" అని మళ్ళీ తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. ఊరిసీ ఏడవలేదు. నోట్లో ఎండు మాంసం ముక్క నములుతూ, మీ నోటికేసే చూస్తూ, చివరిదాకా విన్నాడు. మీరు ఆపి, కళ్ళు తుడుచుకున్నాక, నోట్లోంచి ఆ ముక్క తీసి మీ నోట్లో పెట్టాడు. మీరు తిన్నారు. అలా చేయాలని మీకు ఎవరూ చెప్పలేదు.

ఏమని తిట్టారో అమ్మమ్మ అడగమంటోంది. నాకూ తెలుసుకోవాలనుంది.

రానని రాసినావిడ ఎలా వచ్చిందో కూడా రాయండి. ఇంకొకటి, వెళ్ళే రోజున రన్‌వే మీద వాణ్ణి "నాతో వస్తావా?" అని అడిగారు. వాడు ముక్కు ముడిచాడు. తుమ్ము వస్తోందనుకుని మీరు చేతిరుమాలు తీశారు. మా దగ్గర ముక్కు ముడిస్తే "రాను" అని.

రోడా


డాఫిన్,
అక్టోబర్ 1989

అత్తగారికి,

ఈ కాగితం మీకు కాదు. మీ అబ్బాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాడికి చదవండి. అమ్మమ్మ వింటే విననివ్వండి.

ఒరెస్ట్‌కు,

ఇన్నేళ్ళూ మిమ్మల్ని మీరు అన్నాను. ఇప్పుడు నువ్వు అంటే తప్పులేదనుకుంటాను.

ముందు మీ అమ్మ అడిగిందానికి జవాబు. ఉత్తరం రాంకిన్‌లో కౌంటర్ దగ్గర ఇచ్చేసి బెంచీ మీద కూర్చున్నాను. ఆ టపా సంచిని మోసుకెళ్ళి మీ ఊరికి వెళ్ళే అదే విమానంలోకి విసిరారు. నేను భయపడి ఇక్కడ కూర్చుంటే నా ఉత్తరం వెళుతోంది, అది వెళ్ళి మీ అందరినీ చూస్తుంది! ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి ఎక్కాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మీ అమ్మ మాట్లాడుతూనే ఉంది. ఇంకేమీ గుర్తు లేదు.

ఇక తిట్టిన సంగతి. ఫిబ్రవరిలో ఆ రోజు పొద్దున కాఫీ పెట్టి నిన్ను పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి, "చల్లారిపోతే నన్ననకండి, మళ్ళీ వెచ్చబెట్టను" అన్నాను. నీతో నేనన్న చివరి మాట అదీ! ముప్పయ్యేళ్ళు కాపురం చేసినదానికి ఇదా నువ్వు నాకు మిగిల్చిన మాట? ముందొక ముక్క చెప్పి ఉంటే ఇంకేదైనా అనేదాన్ని కదా. మంచి మాటలు నాకు రావా? అదే అడిగాను నిన్ను ఆదివారం నాడు.

కొండ దగ్గర భయం వేస్తే ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలా నీకు? ఇంట్లో నోరు మూయని పెళ్ళాన్ని పెట్టుకుని, ఆ మాట నాకెందుకు చెప్పలేదు? ఇదీ అడిగాను. నువ్వు మాంసం ముక్క పెట్టావు. అది జవాబు కాదు. ఉప్పు కూడా లేదు.

రానంటే రానన్నావట. సరే, నీ ఇష్టం. నేనే వస్తాను వచ్చే వేసవికి. స్టెఫా కూడా వస్తానంటోంది, చెవులు చూడాలట.

నీ మీద కోపం పోయిందనుకోకు. కాకపోతే కోప్పడటానికి నువ్వు మరీ చిన్నవాడివి. పెరిగి పెద్దయ్యాక ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటినుంచీ అడుగుతాను. అందాకా నేను ఉండాలి కాబట్టి, బి.పి. మాత్రలు వేళకు వేసుకుంటున్నాను.

డరియా